చెవి వెనుక బుడిపె



పోయిన నెల మా సత్తెనపల్లిలో స్త్రీల సమాజం కూడిక ముగిసి అందరం చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఒక చిన్న వయసు తల్లి నా పక్కన వచ్చి నిలబడింది. చంకలో నాలుగు నెలల బిడ్డ. బిడ్డ తలకు ఒక పక్క జుట్టు గొరిగి ఉంది. చెవి వెనుక కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎవరో నా సంగతి చెప్పి పంపినట్టున్నారు. "టీచరమ్మగారూ, మీ మనవడికి కూడా తలలో గొట్టం వేశారంట గదా. వేశాక ఇంక భయం లేదు గదండీ?" అని అడిగింది.

ఆ పిల్ల ముఖం చూస్తే, ఏం భయం లేదమ్మా అని చెప్పి పంపేయాలనిపించింది. నోరు రాలేదు. "రేపు ఇంటికి రా అమ్మా, తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాను. మరునాడు ఆ అమ్మాయితో చెప్పిన మాటలనే పాస్టరమ్మగారు కాగితం మీద పెట్టమన్నారు. ఇందులో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్న భాగం ఒకటి ఉంది. దాన్ని కూడా దాచకుండా రాస్తున్నాను.

మా మనవడు 2012 అక్టోబరులో పుట్టాడు. మా అమ్మాయికి తొలి కాన్పు. పుట్టినప్పుడు తల అందరు పిల్లలకు ఉన్నట్టే ఉంది. మూడో నెల వచ్చేసరికి టోపీలు పట్టడం మానేశాయి. "మంచి బుర్రమ్మా, కలెక్టరవుతాడు" అన్నారు ఇరుగుపొరుగువారు. నేను కూడా మురిసిపోయాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నాకే అనుమానం రాలేదు. మాడు మీద మెత్తగా ఉండవలసిన చోటు ఉబ్బి బిగుసుకుని ఉండేది. నుదుటి మీద నరాలు నీలంగా తేలాయి. కళ్ళు కిందికి వాలిపోయి, నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనిపించేది. టీకా వేయడానికి వచ్చిన నర్సమ్మ చూసి, సంచిలోంచి టేపు తీసి కొలిచింది. 46 సెంటీమీటర్లు. "ఇది ఏడాది పిల్లోడి తలమ్మా, రేపే గుంటూరు తీసకపోండి" అంది. పుట్టిన బిడ్డకు తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుందట. మొదటి మూడు నెలలు నెలకు రెండు సెంటీమీటర్ల చొప్పున, తరువాత మూడు నెలలు నెలకు ఒకటి చొప్పున పెరుగుతుంది. అంటే మూడో నెలలో 40కి కాస్త అటూ ఇటూ ఉండాలి. బట్టలు కుట్టే టేపుతో మనం ఇంట్లో చూసుకోగలిగిన లెక్కే ఇది. అయినా చూసేవాళ్ళు ఎంతమంది? ఆ నర్సమ్మ పేరు ఈనాటికీ మా ఇంట్లో రోజూ తలచుకుంటాం.

గుంటూరులో సి.టి. స్కాన్ తీసి, ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించారు. మెదడు మధ్యలో నల్లగా పెద్ద చెరువు ఉన్నట్టుంది. మెదడు లోపలి గదులలో ఒక తేట నీరు నిత్యం ఊరుతూ ఉంటుందని, పెద్దవాళ్ళలో అయితే రోజుకు సుమారు అర లీటరు ఊరుతుందని, ఊరినది ఊరినట్టే ఒక సన్నని దారి గుండా దిగి, మెదడు చుట్టూ తిరిగి, రక్తంలో కలిసిపోతుందని డాక్టరుగారు చెప్పారు. మా వాడికి ఆ సన్నని దారి పుట్టుకతోనే ఇరుకు. నాకు వెంటనే సాగర్ కుడి కాలువ గుర్తొచ్చింది. మా పొలం దగ్గర తూము పూడితే ఏమవుతుంది? పైన నీళ్ళు వస్తూనే ఉంటాయి, దిగేదారి లేదు, గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. చంటిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు గనుక తల పెరుగుతుంది. ఎముకలు కలిసిపోయిన పిల్లలలో తల పెరగదు, ఆ ఒత్తిడంతా మెదడు మీదే పడుతుంది. ఈ రెండో మాట అప్పుడు విన్నాను గాని మనసులో పెట్టుకోలేదు.

2013 జనవరిలో షంట్ వేశారు. మెత్తని సిలికాన్ గొట్టం. ఒక కొస మెదడు గదిలో ఉంటుంది. చెవి వెనుక చర్మం కింద చిన్న బుడిపె లాంటిది, అందులో నీళ్ళు ఒకవైపే పోనిచ్చే కవాటం. అక్కడి నుంచి మెడ, రొమ్ము చర్మం కిందుగా పొట్టలోకి దిగుతుంది. పొట్టలోకి చేరిన నీరు దానంతట అదే ఇంకిపోతుంది. బిడ్డ పెరిగేకొద్దీ చాలాలని పొట్టలో గొట్టం కొంచెం ఎక్కువే వదిలిపెడతారు. తెల్లకార్డు మీద ఆరోగ్యశ్రీలో జరిగింది గనుక ఆపరేషనుకు మాకు ఖర్చు కాలేదు. ఇంటికి తెచ్చాక తల మెత్తబడింది, కళ్ళు పైకి తిరిగాయి, వాడు మమ్మల్ని చూసి నవ్వాడు. సంఘంలో కృతజ్ఞతార్పణ చెల్లించాం. కథ అయిపోయిందనుకున్నాం.

ఆరు వారాలకు జ్వరం వచ్చింది. మెడ మీద గొట్టం వెంబడి చర్మం ఎర్రని గీతలా కమిలింది. పాలు పట్టడం మానేశాడు. తీసుకుపోతే, గొట్టానికి చీము పట్టింది, తీసేయాలి అన్నారు. మన చర్మం మీద రోజూ ఉండే సూక్ష్మజీవులేనట. ఒంటికి అవి ఏ హానీ చేయవు, సిలికాన్ మీద మాత్రం పాచిలా పట్టుకుంటాయి. మందు అక్కడిదాకా సరిగా చేరదు గనుక గొట్టాన్నే తీయాల్సి వస్తుంది. ఎంత శుభ్రంగా చేసినా నూటికి అయిదు నుంచి పదిమంది పిల్లలకు ఇలా జరుగుతుందని, ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే బయటపడుతుందని ఆ తరువాత చదివాను. పాతది తీసి, తలలోని నీరు బయట సంచిలోకి కారేటట్టు పెట్టి, పదిహేడు రోజులు ఇంజెక్షన్లు చేసి, అప్పుడు రెండో పక్క కొత్తది వేశారు. ఆ పదిహేడు రోజులు మా అమ్మాయి మంచం కింద చాప మీదే పడుకుంది. సంచి ఎత్తు మారితే నీరు ఎక్కువ తక్కువలవుతుందని చెప్పారు గనుక పిల్లవాణ్ణి ఎత్తుకోవాలన్నా ముందు నర్సును పిలవాలి. ఎత్తుకోకుండా బిడ్డ ఏడుపు వినడం ఎలాంటిదో తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

నాకు చదివే రోగం ఒకటుంది. ఆ రోజుల నుంచీ ఈ గొట్టం చరిత్ర దొరికిన చోటల్లా చదివాను. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్‌కు ఒక కొడుకు పుట్టాడు. తాళాల కంపెనీలో పనిచేసే మనిషి. పిల్లవాడికి వెన్నుపూస సరిగా మూసుకోలేదు, తలలో నీరు చేరింది. యూజీన్ స్పిట్జ్ అనే డాక్టరు వైద్యం చేస్తున్నాడు గాని అప్పట్లో నమ్మదగ్గ కవాటం లేదు. హోల్టర్ ఇంటికి పోయి తన పనిముట్లతోనే సిలికాన్ కవాటం తయారు చేశాడు. 1956 నాటికి అది పిల్లల తలల్లో పనిచేయడం మొదలుపెట్టింది. వేలమంది బిడ్డలు దానితో బ్రతికారు. హోల్టర్ సొంత కొడుకు మాత్రం అయిదేళ్ళ వయసులో చనిపోయాడు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దేశంలో పేదలకు ఎక్కువగా వేసేది లక్నో వైద్యుడు ఛాబ్రా గారి పేరుతో ఉన్న షంట్, ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారవుతుంది. చౌక గనుక నాసిరకమేమో అని మా అల్లుడు గొణిగేవాడు. ఆఫ్రికాలోని ఉగాండాలో, ఎంబాలే ఊరి క్రైస్తవ పిల్లల ఆసుపత్రిలో బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికన్ సర్జన్ ఈ గొట్టాన్నీ, ఎన్నో రెట్లు ఖరీదైన విదేశీ గొట్టాన్నీ పక్కపక్కన పిల్లలకు వేసి ఏడాది పాటు చూశాడు. ఫలితంలో తేడా లేదని 2005లో ప్రకటించాడు. ఆ కాగితం సంగతి చెప్పాక మా అల్లుడు ఊరుకున్నాడు. అయితే ఏ దేశపు గొట్టమైనా పిల్లలకు వేసిన వాటిలో నూటికి 30, 40 దాకా మొదటి ఏడాదిలోనే మొరాయిస్తాయి. రెండేళ్ళు గడిచేసరికి దాదాపు సగం. పై కొస మూసుకుపోవచ్చు, మధ్యలో ఊడిపోవచ్చు, పిల్లవాడు ఎదిగి గొట్టం పొట్టి కావచ్చు, నీరు మరీ ఎక్కువగా దిగిపోనూ వచ్చు. మా వార్డులోనే ఒక పాపకు పొట్టలో కొస దగ్గర నీరు తిత్తి కట్టి కడుపు ఉబ్బింది. తల జబ్బుకు కడుపు ఉబ్బడమేమిటని ఆ తల్లికి చాలా రోజులు అర్థం కాలేదు.

మా వాడికి మాత్రం రెండో గొట్టం ఆరున్నర ఏళ్ళకు పైగా చక్కగా పనిచేసింది. ఆలస్యంగా నడిచాడు, మాటలు మాత్రం తొందరగా వచ్చాయి. ఆదివారపు బడిలో క్రిస్మస్‌కు గొర్రెల కాపరి వేషం కట్టాడు. మేము జబ్బును మరిచిపోయాం. మరిచిపోవడం తప్పనను, అలా మరవకపోతే బ్రతకలేము గూడా.

ఇక నా భాగం.

2020 ఫిబ్రవరి. అప్పటికింకా మాది గుంటూరు జిల్లాయే. మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. ఆ నెలలో మా వైపు ఊళ్ళలో ప్రతివాడూ తుమ్ముతూ దగ్గుతూ ఉంటాడు, పిల్లలకు ఘాటుకు వాంతులు కూడా అవుతాయి. సోమవారం పొద్దున్నే మా వాడు లేచి తల పట్టుకున్నాడు, కక్కుకున్నాడు. పదింటికల్లా మామూలుగా ఆడుకున్నాడు. కాయల ఘాటు అనుకుని జీలకర్ర నీళ్ళు తాగించాను. మంగళవారం పొద్దున కూడా అదే. పడుకుని ఉన్నప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది గనుక పొద్దున లేవగానే నొప్పి, వాంతి వస్తాయని, లేచి తిరిగితే కొంత తగ్గుతుందని తరువాత తెలిసింది. మా అమ్మాయి "అమ్మా, గుంటూరు పోదామా?" అంది. నేను చెవి వెనుక బుడిపెను వేలితో నొక్కి చూశాను. మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చింది. "పనిచేస్తోందిలే. కాయలు కల్లంలో పెట్టుకుని ఎక్కడికి పోతాం? ఆదివారం ప్రార్థన చేయిద్దాం" అన్నాను.

ఆ బుడిపెను నొక్కి చూస్తే సరిపోదు, అది లేచినంత మాత్రాన గొట్టం బాగున్నట్టు కాదు, ఊరికే నొక్కవద్దు కూడా అని ఆ తరువాత డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. అయితే నిజం చెప్పాలంటే నన్ను మోసం చేసింది బుడిపె కాదు. మళ్ళీ ఆ తల తెరుస్తారేమో, మళ్ళీ ఆ సంచి వేలాడదీస్తారేమో అని నాకు వణుకు. పోకుండా ఉంటే ఏమీ లేదన్నట్టే గదా అని నా లోపల ఎవరో అంటున్నారు. ప్రార్థనను నేను ఆ భయానికి దుప్పటిగా కప్పుకున్నాను.

బుధవారం బడి నుంచి కబురు వచ్చింది, క్లాసులో నిద్రపోతున్నాడని. సాయంత్రం "అమ్మమ్మా, ఇద్దరు కనిపిస్తున్నావు" అని నవ్వాడు. ఆట అనుకున్నాను. గురువారం చీకటిపడే వేళకు పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటున్నాడు. అల్లుడు బస్తాలతో మిర్చి యార్డుకు పోయి ఉన్నాడు. పాస్టరుగారు వస్తే మంచం దగ్గర మోకరించబోయాను. ఆయన వంగి పిల్లవాణ్ణి చూసి, రెండుసార్లు పేరు పెట్టి పిలిచి, "ఎన్ని రోజుల నుంచి అమ్మా?" అన్నారు. నాలుగు రోజులని చెప్పలేక, నిన్నటి నుంచి అన్నాను. "ప్రార్థన ఇక్కడ మేము చేస్తాం, మీరు లేవండి" అని ఆయనే 108కి ఫోను చేశారు.

మేడికొండూరు దాటాక మరో వాంతి అయింది. గుంటూరు చేరేసరికి రాత్రి తొమ్మిది. కొత్త స్కాన్ తీసి "పాత ఫిల్ము ఏదమ్మా, పోల్చి చూడాలి" అన్నారు. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంది. యార్డు నుంచి పరిగెత్తుకొచ్చిన అల్లుడు ఆ రాత్రి మళ్ళీ సత్తెనపల్లి పోయి తెచ్చాడు, రానూ పోనూ ఎనభై కిలోమీటర్లు. వాళ్ళు దాని కోసం ఆగలేదు, ముందే లోపలికి తీసుకుపోయారు. పై కొసలోని సన్నని రంధ్రాలలో మెదడు లోపలి కణజాలం పోగులు పోగులుగా పెరిగి మూసేసిందట. గొట్టం లేకుండా, దుర్బిణితో లోపలే దారి చేసే ఆపరేషను ఒకటి ఉంది, మా వాడిలాంటి ఇరుకు దారి కేసులకే అది బాగా పనికొస్తుంది. చిన్నప్పుడు చీము పట్టిన తల గనుక నమ్మకం తక్కువని, గొట్టమే మార్చారు.

మరునాటి సాయంత్రానికి పిల్లవాడికి తెలివి వచ్చింది. అందరం ఏడ్చాం, దేవుని స్తుతించాం. ఆ తరువాతి పొద్దున, ఎండ మంచం మీద పడుతుండగా, "అమ్మమ్మా, లైటు వెయ్యి" అన్నాడు.

కళ్ళ డాక్టరు చూశారు. తలలో ఒత్తిడి ఎక్కువైనప్పుడు కంటి వెనుక నరం వాస్తుంది, అలాగే కొన్నాళ్ళు ఉంటే ఎండిపోతుంది. కొంత చూపు తిరిగి వస్తుందన్నారు. మార్చి చివరిలో లాక్‌డౌన్ వచ్చి రెండు చెకప్పులకు పోలేకపోయాం. నెలలు గడిచేకొద్దీ ఎడమకంటికి కొంత వెలుగు వచ్చింది. కుడికంటికి మనిషి నీడ మాత్రం తెలుస్తుంది. "ముందే తెచ్చి ఉంటే?" అని మా అల్లుడు డాక్టరుగారిని అడిగాడు. ఆయన నా వైపు చూడకుండా "చెప్పలేం" అన్నారు. చూడకపోవడమే జవాబు అనుకున్నాను.

ఆలయాలు తిరిగి తెరిచాక సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. నిలబడి, చావు నోటిలోంచి నా మనవణ్ణి ప్రభువు బయటికి తెచ్చాడని చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు. అది అబద్ధం కాదు. నాలుగు రోజుల సంగతి మాత్రం చెప్పలేదు. మా అమ్మాయి అక్కడే కూర్చుని తల వంచుకుని వింది. ఇంటికి వచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. చాలా నెలల తరువాత ఒక రాత్రి అంట్లు తోముతూ, "నువ్వొక్కదానివే కాదమ్మా, నేనూ ఊరుకున్నాను" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు సాక్ష్యం విన్నవారు ఈ పత్రిక చదువుతారు. మిగిలిన సగం ఇదే.

మన తెలుగువాళ్ళకు వెల్లూరు అంటే ఎంత గురో చెప్పనక్కరలేదు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో జేకబ్ చాందీ గారు మెదడు శస్త్రచికిత్స విభాగం ప్రారంభించారు, దేశంలో అదే మొదటిది. మెదడు పొరలకు క్షయ సోకడం వల్ల తలలో నీరు చేరిన 114 మందికి షంట్లు వేసి, వారి సంగతిని అక్కడి వైద్యులు 1991లో ప్రచురించారు. తెలివిగా మాట్లాడే స్థితిలో వచ్చినవారిలో ఎక్కువమంది దక్కారు. మత్తు ముదిరేకొద్దీ దక్కినవారు తగ్గారు. పూర్తిగా స్పృహ తప్పాక వచ్చినవారిలో ఒక్కరూ మిగలలేదు. మా వాడిది క్షయ కాదు, జబ్బు వేరు. అయినా ఆ లెక్క చదువుతుంటే సోమవారం, మంగళవారం, బుధవారం అని నా వేళ్ళు వాటంతటవే మడుచుకున్నాయి. (పుట్టిన బిడ్డకు వేసే బి.సి.జి. టీకా ఈ మెదడు క్షయ నుంచి చాలావరకు కాపాడుతుంది. చేతి మీద మచ్చ పడుతుందని మానేవాళ్ళున్నారు మన ఊళ్ళలో, అందుకని రాశాను.)

మా ఇంటికి వచ్చిన ఆ చిన్న తల్లికి ఇదంతా చెప్పాను. భయపెట్టానేమో తెలియదు. ఆ అమ్మాయి కాసేపు బిడ్డ తల నిమురుతూ కూర్చుని, "అయితే నేను ఏం చూసుకుంటా ఉండాలండీ?" అంది. మంచి ప్రశ్న. నువ్వు చూసే బిడ్డ ఇంకా చిన్నవాడు గనుక మాడు మీద మెత్తని చోటు చూడు, వాడు కూర్చుని ఊరుకున్నప్పుడు కూడా ఉబ్బి బిగిసి ఉందా అని. నెలకోసారి టేపు పెట్టి కొలిచి క్యాలెండరు మీద రాయి. కళ్ళు కిందికి వాలాయా, పాలు మానాడా, ఊరికే ఏడుస్తున్నాడా, మరీ మత్తుగా పడి ఉన్నాడా, జ్వరం వచ్చిందా, గొట్టం వెంట ఎరుపు ఉందా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పొద్దు పోయిందని ఆగవద్దు. ఫిల్ములు, ఆపరేషను కాగితాలు ఒక సంచిలో వేసి తలుపు పక్కన మేకుకు తగిలించు. మా ఇంట్లో ఇప్పుడు అలాగే వేలాడుతోంది. పెద్దవాళ్ళు, ముఖ్యంగా నాలాంటి అమ్మమ్మలు, ఆదివారం దాకా చూద్దామంటే వినవద్దని కూడా చెప్పాను. అప్పుడు ఆ అమ్మాయి నవ్వింది.

మా వాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. ముందు బెంచీ, పెద్ద అక్షరాలు, సదరం సర్టిఫికెట్. లెక్కలు నోటితో చేస్తాడు, నాకంటే వేగంగా. పోయిన ఏడాది మళ్ళీ ఫిబ్రవరిలోనే, మళ్ళీ కాయలు కల్లంలో ఉండగానే, ఒక పొద్దున వాంతి చేసుకున్నాడు. అరగంటలో కారు మాట్లాడి, సంచి మెడలో వేసుకుని గుంటూరు పోయాం. స్కాన్ తీసి, పాత ఫిల్ముతో పోల్చి, ఏమీ లేదన్నారు. ముందు రోజు సాయంత్రం స్టాండు దగ్గర తొమ్మిది మిరపకాయ బజ్జీలు తిన్నాడట. కారు కిరాయి, స్కాను కలిపి ఎంతయిందో మా అల్లుడు లెక్క చెప్పబోతే మా అమ్మాయి కళ్ళెర్ర చేసింది. డాక్టరుగారు నవ్వి "మళ్ళీ వస్తే మళ్ళీ తీసుకురండి" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు పేరేచర్ల దగ్గర మా వాడు కారు ఆపించాడు, చెరుకు రసం కావాలట. వాంతుల పిల్లవాడికి చెరుకు రసమేమిటని నేను అంటూనే ఉన్నాను. తనొక గ్లాసు తాగి, నాకూ ఒకటి ఇప్పించాడు, ఐసు లేకుండా.